పలచన చేయడం కాదు, పలచగా నిలపడమే కష్టం: కాంతి ఉత్ప్రేరక నానోషీట్ల తయారీలో అసలు చిక్కులు

సంక్షిప్తంగా: కాంతితో పనిచేసే ఉత్ప్రేరకాన్ని రెండు మూడు నానోమీటర్ల మందానికి తెస్తే, లోపల పుట్టిన విద్యుదావేశాలు వృథా కాకముందే ఉపరితలానికి చేరతాయి. అయితే ఆ పలచదనమే పదార్థం పట్టుకోగల వెలుగును తగ్గిస్తుంది, లోపాలను పెంచుతుంది. పైగా ఆరబెట్టగానే పొరలు తిరిగి అతుక్కుంటాయి. యూరియా నుంచి చేసే కార్బన్ నైట్రైడ్ నానోషీట్లు (కొద్ది నానోమీటర్ల మందమే ఉండే పలకల్లాంటి రేణువులు) ఈ లాభనష్టాలన్నిటినీ ఒకే చోట చూపిస్తాయి. ప్రయోగశాలలో రంగు నీటిని తేటపరచిన పొడి, ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం పట్టు అద్దకం నీటి ముందు ఎందుకు తడబడుతుందో కూడా ఈ తయారీ వివరాల్లోనే ఉంది.

రెండు వేర్వేరు సంగతులు

గంజాం జిల్లా గోపాలపురం పారిశ్రామిక వాడలో గ్రీన్ హైడ్రోజన్, గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టుల ప్రకటనలు వచ్చాక, బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో "సూర్యరశ్మితో నీటి నుంచి హైడ్రోజన్" అనే మాట తరచుగా వినిపిస్తోంది. దాన్ని కాంతి ఉత్ప్రేరకంతో కలిపి చూడటం పొరపాటు. అక్కడ ప్రతిపాదించింది విద్యుద్విశ్లేషణ. సౌర, పవన విద్యుత్తును ఎలక్ట్రోలైజర్‌కు పంపి నీటిని విడగొట్టడమన్న మాట. కాంతి ఉత్ప్రేరకంలో తీగ ఉండదు, ప్యానెల్ ఉండదు. నీటిలో కలిపిన పొడి మీద వెలుగు పడితే చర్య ఆ పొడి రేణువు మీదనే జరుగుతుంది.

రెంటి మధ్య దూరం చిన్నది కాదు. 20 శాతం సామర్థ్యమున్న సౌర ప్యానెల్‌ను, 65 నుంచి 70 శాతం సామర్థ్యమున్న ఎలక్ట్రోలైజర్‌ను జతచేస్తే, పడిన సూర్యశక్తిలో 13, 14 శాతం హైడ్రోజన్‌గా మారుతుంది. కాంతి ఉత్ప్రేరకంతో బయట ఎండలో జరిగిన పెద్ద పరీక్షల్లో జపాన్‌కు చెందిన కజునారి డోమెన్ బృందం 2021లో వివరాలు ప్రకటించిన 100 చదరపు మీటర్ల పలకల ఏర్పాటు ముఖ్యమైనది. అందులో అత్యధికంగా అందిన సామర్థ్యం 0.76 శాతం. కాబట్టి గోపాలపురం ప్లాంట్లకూ ఈ పొడులకూ ఇప్పట్లో పోటీ లేదు. నానోషీట్లకు దగ్గరి భవిష్యత్తులో చోటు దొరికేది నీటి శుద్ధిలో. ఈ ప్రాంతానికి అవసరమూ అదే.

ఇంకో పొరపాటు ఛత్రపురం ఇసుక చుట్టూ ఉంది. అక్కడి తీరపు ఇసుక నుంచి ఐఆర్‌ఈఎల్ సంస్థ ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వంటి ఖనిజాలను వేరుచేస్తోంది. ఇల్మెనైట్‌లో టైటానియం ఉంది, టైటానియం డయాక్సైడ్ పేరున్న కాంతి ఉత్ప్రేరకం, కనుక ఇసుక నుంచి నేరుగా నానోషీట్లు వచ్చేస్తాయని కొందరి అంచనా. ఇల్మెనైట్ ఇనుము, టైటానియం కలిసిన ఆక్సైడ్. ఇనుమును సల్ఫ్యూరిక్ ఆమ్లంతోనో క్లోరిన్‌తోనో తొలగిస్తేనే తెల్లటి టైటానియం డయాక్సైడ్ చేతికొస్తుంది. దాన్ని పలచని పొరలుగా మార్చడం ఆ తర్వాతి కథ. ఆ కథలో ఒక పెద్ద మలుపు ఉంది, అది కింద వస్తుంది.

మందం తగ్గితే ఏం మారుతుంది

అర్ధవాహక పదార్థం మీద తగినంత శక్తి ఉన్న కాంతి పడితే ఒక ఎలక్ట్రాన్ పై పట్టీకి, అంటే ఎక్కువ శక్తి స్థాయిల గుంపుకు లేస్తుంది, కింది పట్టీలో ఒక ఖాళీ మిగులుతుంది. ఈ జంట విడివిడిగా ఉపరితలానికి చేరితే ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌నో నీటిలోని ప్రోటాన్‌నో పట్టుకుంటుంది, ఖాళీ వేరొక అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. చేరేలోపు రెండూ మళ్లీ కలిసిపోతే శక్తి వేడిగానో మినుకుగానో పోతుంది. ఎక్కువ భాగం ఇలాగే పోతుంది.

ఇక్కడే మందం ప్రభావం చూపుతుంది. ఆవేశం ఉపరితలానికి చేరే సమయం దూరానికి కాదు, దూరపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. మందాన్ని పదో వంతు చేస్తే ప్రయాణ సమయం నూరో వంతవుతుంది. వంద నానోమీటర్ల ముద్దలో మధ్యలో పుట్టిన ఎలక్ట్రాన్‌కు లేని అవకాశం, రెండు నానోమీటర్ల పొరలో పుట్టిన ఎలక్ట్రాన్‌కు ఉంటుంది. ఉపరితల వైశాల్యం పెరగడం దీనికి తోడయ్యే లాభం. పరిశోధన పత్రాల్లో వైశాల్యానికే పెద్దపీట వేస్తారు గానీ, ఈ ప్రయాణ సమయమే పలచదనానికి అసలు కారణం.

నష్టం రెండు రకాలు. మొదటిది, ఒక్కో పొర పట్టుకునే వెలుగు చాలా కొద్ది. అందుకే ఒక పొరను గాజు మీద పరిచి ఫలితం ఆశించలేం. కోట్ల కొద్దీ పొరలు నీటిలో తేలుతుంటేనే పడిన వెలుగు సరిగా వినియోగమవుతుంది. రెండోది మరింత ముఖ్యం. పొర మరీ పలచనైతే ఎలక్ట్రాన్లు ఇరుకున పడి, పట్టీల మధ్య అంతరం పెరుగుతుంది. 1240ని ఎలక్ట్రాన్ వోల్టుల్లోని అంతరంతో భాగిస్తే ఆ పదార్థం పట్టుకోగల కాంతి హద్దు నానోమీటర్లలో వస్తుంది. సాధారణ అనటేజ్ (ఒక స్ఫటిక రూపం) టైటానియం డయాక్సైడ్‌కు అంతరం 3.2, హద్దు 387 నానోమీటర్లు. అంటే అతినీలలోహిత కాంతి మాత్రమే. ఎండలో ఆ వాటా నాలుగైదు శాతమే.

ఆ టైటానియం డయాక్సైడ్‌నే ఒక్క పొర మందానికి తెచ్చే పద్ధతి జపాన్‌లో ఎన్నో ఏళ్ల కిందటే రూపొందింది. సీజియం కార్బొనేట్‌ను టైటానియం డయాక్సైడ్‌తో కలిపి 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. వచ్చిన పొరల టైటనేట్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో రోజుల తరబడి ఉంచి సీజియాన్ని బయటికి లాగుతారు. తర్వాత టెట్రాబ్యూటైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నెమ్మదిగా కుదుపుతూ ఉంచితే ఆ పెద్ద అయాన్లు పొరల మధ్య దూరి వాటిని విడదీస్తాయి. ఒక నానోమీటరు మందపు అందమైన పొరలు వస్తాయి. వాటి అంతరం మాత్రం 3.8 ఎలక్ట్రాన్ వోల్టులకు చేరుతుంది. హద్దు 326 నానోమీటర్లు. భూమికి చేరే ఎండలో అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యం దాదాపు లేనట్టే. పైన చెప్పిన మలుపు ఇదే. ఛత్రపురం ఇసుక నుంచి ఇంత శ్రమపడి ఈ పొరలు తీసినా, ఎండలో వాడటానికి అవి మామూలు టైటానియం డయాక్సైడ్ కంటే అధ్వానం. అతినీలలోహిత దీపం కింద సంగతి వేరు.

కార్బన్ నైట్రైడ్ ఎందుకు

1972లో ఫుజిషిమా, హోండాలు టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద కాంతితో నీటిని విడగొట్టి చూపాక దశాబ్దాల పాటు వెతుకులాట లోహ ఆక్సైడ్ల చుట్టూనే ఎక్కువగా తిరిగింది. 2009లో షిన్‌చెన్ వాంగ్, మార్కుస్ ఆంటోనియెట్టి, డోమెన్ తదితరులు, లోహమే లేని గ్రాఫైటిక్ కార్బన్ నైట్రైడ్ కంటికి కనిపించే వెలుగులో నీటి నుంచి హైడ్రోజన్ విడుదల చేయగలదని చూపారు. దీని అంతరం 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు, హద్దు సుమారు 460 నానోమీటర్లు. నీలి వెలుగు దాకా పనికొస్తుందన్న మాట. లేత పసుపు రంగు అందువల్లే.

కాలేజీ ప్రయోగశాలలకు ఇది నచ్చడానికి మరో కారణం ముడిసరుకు. యూరియా, థయోయూరియా, మెలమిన్, డైసయాన్‌డయమైడ్‌లలో ఏదైనా చాలు. మెలమిన్‌తో దిగుబడి బాగుంటుంది, బరువులో దాదాపు సగం మిగులుతుంది. కానీ వచ్చేది గట్టి ముద్ద, దాని ఉపరితల వైశాల్యం గ్రాముకు పది చదరపు మీటర్ల దగ్గరే. యూరియాతో వచ్చేది దూదిలా తేలికైన, రంధ్రాలున్న పొడి. బయటికి పోయే వాయువులే పొరల మధ్య దారులు చేస్తాయి. దిగుబడి మాత్రం బాగా తక్కువ.

యూరియా నుంచి పొడి దాకా

ఎరువుల దుకాణంలో దొరికే 45 కిలోల బస్తా యూరియా దీనికి పనికిరాదు. 2015 నుంచి దేశంలో తయారయ్యే వ్యవసాయ యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె మాడి కార్బన్‌గా మిగిలి ఉత్పత్తికి గోధుమ ఛాయ తెస్తుంది. ఆ రంగు చూసి "కనిపించే వెలుగును ఎక్కువ పీల్చుకుంటోంది" అని పొరబడే ప్రమాదం ఉంది. పైగా రాయితీ యూరియాను వ్యవసాయేతర పనికి మళ్లించడం నేరం. ప్రయోగశాల శ్రేణి యూరియానే కొనాలి.

తీరప్రాంతంలో తేమ మొదటి శత్రువు. 30 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 73 శాతం దాటితే యూరియా నీటిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. గంజాం తీరంలో వానాకాలమంతా ఈ పరిస్థితే. తడిసిన యూరియా మూసలో పొంగుతుంది. అదీగాక వేడికి పుట్టిన ఐసోసయనిక్ ఆమ్లం ఆ నీటితో చర్య జరిపి అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. పొరగా అల్లుకోవాల్సిన సరుకే గాలిపాలవుతుంది. తూచే ముందు రాత్రంతా 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, సిలికాజెల్ ఉన్న డెసికేటర్‌లో చల్లార్చితే ఈ బెడద తప్పుతుంది.

50 మిల్లీలీటర్ల అల్యూమినా మూసలో 10 గ్రాముల యూరియా సరైన మోతాదు. మూసలో మూడో వంతుకు మించి నింపకూడదు. 133 డిగ్రీల దగ్గర కరిగి, ఆపైన నురుగు కడుతుంది. మూత తప్పనిసరి. మూత లేకపోతే మధ్య దశల పదార్థాలు ఆవిరై, చివరికి మూస అడుగున మరక తప్ప ఏమీ మిగలకపోవచ్చు. మూత అంచు చుట్టూ అల్యూమినియం రేకు చుడితే వాయువులు నెమ్మదిగా వెళతాయి. అల్యూమినియం 660 డిగ్రీల దాకా కరగదు కాబట్టి ఇబ్బంది లేదు. మఫిల్ ఫర్నేస్‌లో (మూసిన విద్యుత్ కొలిమిలో) నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 550 డిగ్రీలకు తీసుకెళ్లి, రెండు మూడు గంటలు ఉంచి, తలుపు తెరవకుండా దానంతట అదే చల్లారనివ్వాలి. ఈ దారిలో యూరియా మొదట బైయూరెట్, సయనూరిక్ ఆమ్లం, తర్వాత మెలమిన్, మెలెమ్‌లుగా మారి, చివరికి పొరలుగా అల్లుకుంటుంది.

లెక్క ప్రకారం 10 గ్రాముల యూరియా నుంచి గరిష్ఠంగా రెండున్నర గ్రాముల కార్బన్ నైట్రైడ్ రావాలి. చేతికొచ్చేది అర గ్రాము లోపే. మిగతాదంతా వాయువు. అందులో నాలుగైదు లీటర్ల అమ్మోనియా ఉంటుంది. పొగగూడు కింద కాకుండా గది మూలనున్న ఫర్నేస్‌లో దీన్ని చేయడం కళ్లకూ ఊపిరితిత్తులకూ హాని. అమ్మోనియా ఫర్నేస్ వెనుక ఉన్న రాగి, ఇత్తడి కనెక్షన్లను కూడా తినేస్తుంది. తరచుగా వాడే ఫర్నేస్ పొగగొట్టంలో చల్లని చోట తెల్లటి పొర పేరుకుని దారి మూసుకుపోతుంది. నెలకోసారైనా తీసి చూడాలి. 600 డిగ్రీలు దాటనివ్వకూడదు. అక్కడి నుంచి పదార్థమే విరిగిపోయి సయనోజెన్ వంటి విషవాయువులు రావచ్చు, 700 డిగ్రీలకు మూస ఖాళీ అవుతుంది. ఫర్నేస్ ముఖం మీద కనిపించే అంకెకూ మూస దగ్గరి ఉష్ణోగ్రతకూ 20, 30 డిగ్రీల తేడా ఉండటం పాత ఫర్నేస్‌లలో మామూలే. విడిగా ఒక థర్మోకపుల్ పెట్టి సరిచూడకుండా "550 డిగ్రీల దగ్గర చేశాం" అని రాయడం సరికాదు.

మధ్యలో కరెంటు పోతే ఆ సరుకును పక్కన పెట్టడమే మంచిది. 400 డిగ్రీల దగ్గర ఆగి మళ్లీ వేడెక్కిన ముద్దలో మెలెమ్ వంటి మధ్య దశలు ఎంత మిగిలాయో, అల్లిక ఎంత జరిగిందో తెలియదు. రెండు విడతల పొడిని కలిపేస్తే తర్వాతి ఫలితాల్లో తేడా ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. చల్లారిన పొడిని నూరి, 0.1 మోలార్ నైట్రిక్ ఆమ్లంతో ఒకసారి, నీటితో పీహెచ్ సమం అయ్యేదాకా కడిగితే అంటుకున్న అమ్మోనియా పోతుంది.

పొరలను విడదీసే మూడు దారులు

యూరియా పొడి కొంత పలచగానే ఉన్నా, నానోషీట్ అనదగిన మందానికి రావాలంటే విడదీయాలి. పొరల మధ్య దూరం 0.326 నానోమీటర్లు. వాటిని పట్టి ఉంచేది బలహీనమైన ఆకర్షణే కాబట్టి దారులు ఉన్నాయి.

వేడి దారి అన్నిటికంటే సులువు. పొడిని తెరిచిన పింగాణీ పడవలో పలచగా పరిచి గాలిలో 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి. పొరలోని పోగులను కలిపి ఉంచే హైడ్రోజన్ బంధాలు ఆక్సిజన్ తాకిడికి తెగుతూ పొరలు ఒక్కొక్కటిగా కరిగిపోతాయి. 2012లో చైనా పరిశోధకులు ఈ పద్ధతిలో సుమారు రెండు నానోమీటర్ల పొరలు సాధించారు. గ్రాముకు 306 చదరపు మీటర్ల వైశాల్యం వచ్చింది. అంతరం 2.77 నుంచి 2.97 ఎలక్ట్రాన్ వోల్టులకు పెరిగింది. అంటే హద్దు 448 నుంచి 417 నానోమీటర్లకు జారింది. దిగుబడి ఆరు శాతం దగ్గర. పొడి మందంగా పరిస్తే పైది పలచబడుతుంది, అడుగుది ముద్దగానే ఉంటుంది. పసుపు పాలిపోయి దాదాపు తెల్లబడటం పని జరిగిందనడానికి కంటికి కనిపించే గుర్తు. వెలుగును పట్టే శక్తి తగ్గిందనడానికీ అదే గుర్తు.

ద్రవం దారిలో 100 మిల్లీగ్రాముల పొడిని 100 మిల్లీలీటర్ల నీటిలోనో ఐసోప్రొపనాల్‌లోనో వేసి, బాత్ సోనికేటర్‌లో (అతిధ్వని తరంగాలతో కుదిపే నీటి తొట్టిలో) పది పదిహేను గంటలు ఉంచుతారు. వేసవిలో తొట్టి నీరు గంటలోపే 50 డిగ్రీలు దాటుతుంది. ఐసోప్రొపనాల్ ఆవిరై గది నిండుతుంది, నిప్పు భయం ఉంటుంది. మంచు గడ్డలు వేస్తూ 30 డిగ్రీల లోపు ఉంచాలి. ఎక్కువ సేపు ఉంచితే ఎక్కువ పలచన అనుకోవడం పొరపాటు. ఒక దశ దాటాక పొరలు విడిపోవు, అడ్డంగా విరుగుతాయి. ప్రతి విరిగిన అంచూ ఆవేశాలు చిక్కుకునే లోపమే. త్వరగా అవుతుందని ద్రావణంలోనే కడ్డీ ముంచే ప్రోబ్ సోనికేటర్ వాడితే దాని టైటానియం కొన అరిగి బూడిదరంగు నలుసులు ద్రావణంలో కలుస్తాయి. వాటి ఉపరితలం టైటానియం ఆక్సైడే. ఫలితం కార్బన్ నైట్రైడ్‌దా, ప్రోబ్ కొనదా తేలదు.

తర్వాత సెంట్రిఫ్యూజ్. మందపాటి ముక్కలు అడుగుకు దిగి, పైన పాలలాంటి ద్రావణం మిగలాలి. "5000 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు" అని రాస్తే చాలదు. 8 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రోటర్‌లో అది గురుత్వానికి సుమారు 2,240 రెట్లు, 15 సెంటీమీటర్ల రోటర్‌లో 4,190 రెట్లు. ఒక ఊళ్లో చేసిన పని మరో ఊళ్లో రాకపోవడానికి ఈ చిన్న వివరం లోపించడం తరచుగా కారణం.

మూడోది గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం దారి. ఒక గ్రాము పొడిని 10 మిల్లీలీటర్ల 98 శాతం ఆమ్లంలో గది ఉష్ణోగ్రత దగ్గర ఎనిమిది గంటలు కలిపి, ఆ మిశ్రమాన్ని మంచులో ఉంచిన 100 మిల్లీలీటర్ల నీటిలోకి చుక్కలు చుక్కలుగా వదలాలి. ఆమ్లం పొరల మధ్య దూరుతుంది, నీటిలో పడ్డప్పుడు పుట్టే వేడి వాటిని విడగొడుతుంది. నీటినే ఆమ్లంలో పోస్తే చిమ్మి ఒళ్లు కాలుతుంది. పొరలు బాగా పలచగా వస్తాయి గానీ, నత్రజనులకు ప్రోటాన్లు అంటుకుంటాయి, కడగడానికే లీటర్ల కొద్దీ నీరు పోతుంది. నీటిని శుద్ధి చేసే పదార్థం కోసం అంత ఆమ్ల వ్యర్థం పుట్టించడం సమర్థించుకోవడం కష్టం. చిన్న ప్రయోగశాలకు నీటిలో సోనికేషనే మేలు.

ఆరబెట్టే దగ్గరే పోయే పలచదనం

ఇంత చేసి తెచ్చిన ద్రావణాన్ని 80 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెడితే చాలావరకు పని వృథా. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. చివరి నీటి పొర ఆవిరయ్యేటప్పుడు అది పొరలను ఒకదానివైపు ఒకటి లాగుతుంది. వానకు తడిసిన పుస్తకం ఆరాక పేజీలు అతుక్కున్నట్టు పొరలన్నీ మళ్లీ దొంతరగా కూడుకుంటాయి. మళ్లీ నీటిలో వేస్తే విడిపోవు.

ఫ్రీజ్ డ్రయ్యర్ ఉంటే మంచు నేరుగా ఆవిరవుతుంది కాబట్టి ఈ లాగుడు ఉండదు. అది లేని చోట ఒక ఉపాయం ఉంది. నీటిని దశలవారీగా టెర్షియరీ బ్యూటనాల్‌తో మార్చాలి. అది 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి మామూలు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, వాక్యూమ్ పంపుకు కలిపి తీసేయవచ్చు. అన్నిటికంటే తేలిక మార్గం అసలు ఆరబెట్టకపోవడం. ద్రావణంగానే దాచి, అందులోంచి 10 మిల్లీలీటర్లు తూచిన గిన్నెలో ఆరబెట్టి, ఎంత బరువు ఉందో లెక్కకట్టి, ఆ లెక్కతోనే ప్రయోగాలు చేయవచ్చు.

పలచదనాన్ని నిర్ధారించే పరీక్షల్లోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఎక్స్‌రే వివర్తనంలో 27.4 డిగ్రీల శిఖరం పొరల దొంతరకు గుర్తు, 13 డిగ్రీల దగ్గరిది పొరలోని అల్లికకు గుర్తు. మొదటిది బలహీనపడాలి. కానీ ఈ పరీక్షకు పొడి కావాలి, పొడి అంటే అతుక్కున్న పొరలు. అణుబల సూక్ష్మదర్శినికి అభ్రకం రేకు మీద ఒక చుక్క ఆరబెడితే విడి పొరలు దొరుకుతాయి. అక్కడ పొర కింద చిక్కిన నీటి వల్ల మందం ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్క చిత్రంలోని ఒక్క పొర కొలతతో సరిపెట్టకుండా యాభై, వంద పొరల కొలతల వ్యాప్తిని చూపితేనే నమ్మవచ్చు. బరంపురంలో 2016 నుంచి ఐసర్ (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) ఉంది. పరికరాలు లేని కాలేజీలకు బయటి సంస్థల పరికరాలను బుక్ చేసుకునే ఐ-స్టెమ్ వేదిక అందుబాటులో ఉంది. చిక్కు పరికరం దొరకడంలో కన్నా నమూనాను సరిగా పంపడంలోనే ఎక్కువ. పొడి కాకుండా ద్రావణం పంపాలి, దాని గాఢత రాయాలి.

రంగు పోయింది, మురికి పోయిందా?

సాధారణ పరీక్ష ఇలా ఉంటుంది. లీటరుకు 10 మిల్లీగ్రాముల రంగు ఉన్న నీరు 100 మిల్లీలీటర్లు, ఉత్ప్రేరకం 50 మిల్లీగ్రాములు. మొదట చీకట్లో అరగంట నుంచి గంట కలపాలి. తర్వాత దీపం వేసి, పావుగంటకోసారి నాలుగు మిల్లీలీటర్లు తీసి, పొడిని వేరుచేసి, రంగు తీవ్రత కొలవాలి. రోడమిన్ బీకి 554 నానోమీటర్లు, మెథిలీన్ బ్లూకు 664.

మూడు చోట్ల మోసపోవచ్చు. పలచని పొరలకు వైశాల్యం ఎక్కువ, రంగును ఊరికే అంటించుకుంటాయి. చీకటి దశ చాలకపోతే ఆ అంటుకోవడమే ఉత్ప్రేరణగా లెక్కలోకి వస్తుంది. రెండు, రోడమిన్ బీ స్వయంగా వెలుగును పీల్చి ఎలక్ట్రాన్‌ను పొరలోకి నెట్టి తానే విరిగిపోగలదు. అప్పుడు పనిచేసింది ఉత్ప్రేరకపు అంతరం కాదు, రంగే. మూడు, మెథిలీన్ బ్లూ ఎలక్ట్రాన్లు తీసుకుని రంగులేని రూపంలోకి మారి, గాలి తగిలితే మళ్లీ నీలమవుతుంది. రంగులేని ఫినాల్ వంటి పదార్థంతో ఒకసారి, మొత్తం సేంద్రియ కార్బన్ కొలతతో ఒకసారి సరిచూస్తే తప్ప "శుద్ధి" అనే మాట వాడకూడదు.

కార్బన్ నైట్రైడ్ విషయంలో మరో పరిమితి ఉంది. టైటానియం డయాక్సైడ్‌లో మిగిలే ఖాళీకి నీటి నుంచి హైడ్రాక్సిల్ రాడికల్స్ (మురికిని చీల్చే చురుకైన కణాలు) పుట్టించేంత బలం ఉంది. కార్బన్ నైట్రైడ్ ఖాళీ స్థాయి సుమారు 1.4 నుంచి 1.6 వోల్టులు, అది చాలదు. దీని పని ప్రధానంగా ఎలక్ట్రాన్ వైపు నుంచి జరుగుతుంది. ఎలక్ట్రాన్ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మారుస్తుంది, అది మురికిపై పనిచేస్తుంది. కాబట్టి గాలి ఊదడం ఇందులో తప్పనిసరి భాగం. చేపల తొట్టికి వాడే చిన్న గాలి పంపు పెట్టినా ఫలితంలో తేడా తెలుస్తుంది.

అద్దకం నీటి ముందు

తెలుగు నేల నుంచి తరాల కిందట వెళ్లిన నేతకారులు కూడా నిలబెట్టిన బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. ముడి పట్టు బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా సెరిసిన్ అనే జిగురు. సబ్బు, సోడా కలిపిన వేడి నీటిలో దాన్ని తీసేస్తారు. తర్వాత రంగు తొట్టిలో ఆమ్ల రంగులతో పాటు ఎసిటిక్ ఆమ్లం, లవణాలు చేరతాయి. స్వేదనజలంలో కరిగించిన రోడమిన్‌కూ ఈ నీటికీ పోలిక లేదు. సెరిసిన్ ప్రోటీన్ కావడంతో పొరలకు అంటుకుని చర్య జరిగే చోట్లను మూసేస్తుంది. సోడా నుంచి వచ్చే కార్బొనేట్లు పుట్టిన రాడికల్స్‌ను మింగేస్తాయి. నురుగు, మడ్డి వెలుగును ఆపేస్తాయి. రాయగడ దగ్గరి జేకేపూర్, మహారాష్ట్రలో తెలుగువారు చాలామంది స్థిరపడిన బల్లార్షా వంటి కాగితపు మిల్లుల ఊళ్లలో ఇబ్బంది ఇంకో రకం. లిగ్నిన్ వల్ల వచ్చే గోధుమ రంగు సరిగ్గా 460 నానోమీటర్ల లోపు వెలుగునే ముందు తాను పీల్చేస్తుంది. ఉత్ప్రేరకానికి మిగిలేది తక్కువ.

అందువల్ల ఈ పదార్థానికి తగిన చోటు చివరి మెట్టు మాత్రమే. పట్టు అద్దకం కేంద్రంలో జిగురు నీటినీ రంగు నీటినీ మొదటి నుంచే వేరుగా పారించడం అన్నిటికంటే చవకైన మెరుగుదల. రంగు నీటికి పటికతో మడ్డి దించి, ఇసుక గుండా వడగట్టి, ఆ తర్వాత మిగిలిన లేత రంగును లోతు తక్కువ తొట్టెల్లో ఎండకు వదలాలి. లోతు 5 సెంటీమీటర్లు మించితే అడుగు పొరలకు వెలుగు చేరదు.

పొడిని తిరిగి పట్టుకోవడం చివరి సమస్య. పలచని పొరలు రోజుల తరబడి దిగవు, మామూలు వడపోత కాగితం గుండా జారిపోతాయి. పీహెచ్‌ను నాలుగైదు మధ్యకు తెస్తే వాటి మీది ఆవేశం సమమై గుంపుగా చేరి దిగుతాయి. కానీ ఆ గుంపు మళ్లీ పూర్తిగా విడిపోదు, ప్రతి వాడకంలోనూ కొంత పలచదనం తరుగుతుంది. గరుకు గాజు పలకకో పింగాణీ ముక్కలకో అంటిస్తే ఈ బాధ పోతుంది. బదులుగా పొర ఒక ముఖమే నీటికి తగులుతుంది, వేగం తగ్గుతుంది. అద్దకం కేంద్రానికి మాత్రం అంటించిన పలకే సరైన ఎంపిక. నిదానంగా నడిచినా ఉత్ప్రేరకం కాలువలోకి పోదు, పనివాళ్లు పొడిని పీల్చే అవసరం రాదు.

తొట్టెల పరిమాణం వేసవి ఎండను చూసి కట్టకూడదు. గంజాంలో జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మబ్బు పట్టిన రోజులు వరుసగా వస్తాయి. అద్దకం మాత్రం దసరా అమ్మకాల కోసం ఆ నెలల్లోనే సాగుతుంది. మబ్బు రోజుల్లో పేరుకునే నీటిని ఎండ వచ్చేదాకా నిల్వ ఉంచే ట్యాంకు, వాన నీరు కలవకుండా పారదర్శకమైన కప్పు ఈ ఏర్పాటులో ఉత్ప్రేరకం కంటే ఎక్కువ ఖర్చయ్యే భాగాలు. కప్పు ఎంపికలోనూ చూడాల్సినది ఒకటుంది. అతినీలలోహితాన్ని ఆపే పాలీకార్బొనేట్ రేకు టైటానియం డయాక్సైడ్ తొట్టికి పనికిరాదు. 400 నానోమీటర్లకు పైన వెలుగును అది వదిలేస్తుంది కాబట్టి, పట్టీ అంతరం మరీ పెరగని యూరియా కార్బన్ నైట్రైడ్‌కు చాలావరకు సరిపోతుంది.